‘అసలైన పోర్షే’ వాదము – ఖండనము

జర్మను దేశపు పాతకాలపు స్పోర్ట్సు కార్లయందు మక్కువ గలవారి నడుమ చిరకాలముగా నొక అభిప్రాయము సిద్ధాంతమువలె చెలామణి యగుచున్నది. పోర్షే సంస్థ 1975 మొదలు 1995 వఱకు వరుసగా వెలువరించిన 924, 944, 968 అను మూడు కార్లును పేరునకు మాత్రమే పోర్షేలనియు, వెనుకభాగమున గాలితో చల్లబడు ఆరు సిలిండర్ల యింజను గల 911 ఒక్కటియే అసలైన పోర్షే యనియు, దానిని కొనగల స్తోమత లేనివాడు స్తోమత కలుగువఱకు వేచియుండుట మేలేగాని యీ ‘పేదవాని పోర్షే’ను కొని నలుగురిలో చులకన కారాదనియు ఆ యభిప్రాయపు సారాంశము. పలుమాఱు పలుకబడిన మాట సత్యమువలె తోచుట లోకసహజము గనుకను, ఆ మాటను నమ్మి యెందఱో యువకులు తమకు తగిన కారును చేజేతుల జాఱవిడుచుకొనుచున్నారు గనుకను, దీనిని సాంగోపాంగముగ పరీక్షించి త్రోసిపుచ్చుట యావశ్యకమని తలంచుచున్నాను.

ఈ చర్చతో తెలుగువారికి పనియేమని యెవరైన నడుగవచ్చును. తయారై మూడేండ్లు దాటిన వాడుకకారును విదేశమునుండి తెచ్చుకొనుటకు మన దిగుమతి నిబంధనలు సాధారణముగ నంగీకరింపవు గనుక, హైదరాబాదు విజయవాడల వీథులకు ఈ విషయము నేరుగా నంటని మాట నిజమే. కాని యుద్యోగార్థులై స్టుట్‌గార్ట్, మ్యూనిక్ నగరములందును, అమెరికాలోని డాలస్, న్యూజెర్సీ ప్రాంతములందును స్థిరపడిన మన పిల్లలలో యంత్రప్రియులు పెక్కురు కలరు. చిన్ననాట గోడమీది పటములో చూచి ముచ్చటపడిన కారును, స్వార్జితముతో, వాడినదైనను సరే, కొని నడుపవలెనని వారు ఉవ్విళ్లూరుదురు. వారి చెవిలో మొట్టమొదట పడు మాట యీ తిరస్కారవాక్యమే. ఈ వ్యాసము ముఖ్యముగ వారి నుద్దేశించినది.

ఖండనకు పూర్వము ప్రతిపక్షమును దాని పూర్ణబలముతో నిలుపుట మన శాస్త్రకారుల మర్యాద. నేనును దానినే యనుసరింతును. ప్రతిపక్షుల వాదమునకు నాలుగంగములు. మొదటిది: 924 అను కారు ఫోక్స్‌వ్యాగన్ వారికొఱకు పుట్టి, వారు వలదన్న పిమ్మట పోర్షే పేరు తగిలించుకొన్నది, దాని యింజను సరకుల వ్యానులో వాడబడినది, కావున దాని సంతతియైన 944, 968లకును శుద్ధమైన జన్మము లేదు. రెండవది: యింజను ముందుండుట, నీటితో చల్లబడుట, నాలుగే సిలిండర్లుండుట పోర్షే సంప్రదాయమునకు విరుద్ధము. మూడవది: సంస్థయే వీనిని విడిచి 911ను నిలుపుకొన్నది, విపణిలోను వీని వెల సమకాలపు 911 వెలలో కొద్దివంతు మాత్రమే, ఇట్లు కాలము తీర్పు చెప్పియే యున్నది. నాలుగవది: చౌకగ దొరకినను మరమ్మతులకగు వ్యయము కొన్నవెలను మించును గనుక వివేకియగువాడు దీని జోలికి పోరాదు. ఈ నాలిగింటిలో కడపటిది యొక్కటే కొంత గట్టిది. తక్కినవి పరీక్షకు నిలువవు. వరుసగ చూతము.

జన్మమును గూర్చిన యాక్షేపములో వాస్తవాంశము లేకపోలేదు. 1970వ దశకపు తొలినాళ్లలో ఫోక్స్‌వ్యాగన్ సంస్థ తనకొక స్పోర్ట్సు కారును రూపొందించి యిమ్మని పోర్షేను కోరెను. ఈఏ 425 అను సంకేతనామముతో నా పని సాగెను. 1973 నాటి చమురు సంక్షోభము దాపురించి, ఫోక్స్‌వ్యాగన్ అధిపతులును మారి, తమకిట్టి కారు వలదని వారు నిశ్చయించుకొనగా, పోర్షే ఆ రచనను తానే తిరిగి కొని, నెకర్సుల్మ్ పట్టణమునందలి ఆడి ఎన్‌ఎస్‌యూ కర్మాగారమున తన పేరిట నిర్మింపజేసెను. ఇందులో తలవంపులకు తావెక్కడ? కారును భావించినవారు పోర్షే యింజనీర్లు. రూపుదిద్దినవారు పోర్షే శిల్పులు. తాను రచించిన దానిని తానే సొమ్ము చెల్లించి విడిపించుకొన్నవాడు పరుల సొత్తు ధరించినవాడెట్లగును? రెండు లీటర్లకు రవంత తక్కువయై 125 అశ్వశక్తి నిచ్చిన ఆ తొలి యింజను ఫోక్స్‌వ్యాగన్–ఆడి కుటుంబమునకు చెందినదనుట నిజమే. వ్యానులో కార్బొరేటరుతో బరువులు లాగిన యింజనునకు కారులో బాష్ వారి ఇంధన ఇంజెక్షను నమర్చి వేఱొక స్వభావము కల్పించిన సంగతిని మాత్రము ఆక్షేపకులు చెప్పరు.

అంతకంటె ముఖ్యమైన సంగతి వేఱొకటి కలదు. 1948లో ఆస్ట్రియా దేశపు గ్మ్యుండ్ గ్రామమున, కఱవు కాలములో, ఫెర్రీ పోర్షే నాయకత్వమున సిద్ధమైన 356 అను మొట్టమొదటి పోర్షే కారు దేనితో చేయబడినది? దాని 1131 ఘనసెంటీమీటర్ల, నాలుగు సిలిండర్ల, 35 అశ్వశక్తి యింజను ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుది, గేరుబాక్సు బీటిల్‌ది, బ్రేకులును ముందు ఇరుసును బీటిల్‌వి. ఆ బీటిల్‌ను రచించినవాడు ఫెర్రీ తండ్రియైన ఫెర్డినాండ్ పోర్షేయే. లభ్యమైన సామాన్యపు భాగములను గ్రహించి, వానినుండి అసామాన్యమైన కారును సాధించుట ఈ సంస్థకు పుట్టుకతో వచ్చిన విద్య. ఫోక్స్‌వ్యాగన్ భాగముల స్పర్శచే 924 అశుద్ధమైనచో 356 తొలుతనే యశుద్ధమైనది. 356 అశుద్ధమైనచో దాని వారసురాలగు 911కు శుద్ధి యెక్కడనుండి వచ్చినది? మూలపురుషునియందు గుణముగ నెన్నబడినది మనుమనియందు దోషమగుట యే ధర్మశాస్త్రమునను లేదు. ఇంతియ కాదు. 1982 నాటికి విపణిలో నిలిచిన 944లో ఆ యాడి యింజను లేనేలేదు. పోర్షే తన 928 కారుకొఱకు నిర్మించుకొన్న ఎనిమిది సిలిండర్ల యింజనులో ఒక పార్శ్వమును పోలునట్లు, అల్యూమినియముతో, రెండున్నర లీటర్ల యింజనును స్వయముగ రచించుకొన్నది. 924 మీది నిందను 944కు అంటగట్టువారు కారు ముందఱి మూతనెత్తి చూడనివారై యుండవలెను.

రెండవ యాక్షేపము లక్షణమునకు సంబంధించినది. ఒక వస్తువును నిర్వచించునపుడు అవ్యాప్తి, అతివ్యాప్తి యను దోషములు లేకుండ చూచుకొనవలెనని మన తార్కికులు బోధించిరి. లక్ష్యములో కొంతభాగమునకు లక్షణము చాలకపోవుట అవ్యాప్తి; లక్ష్యము కానిదానికిని వర్తించుట అతివ్యాప్తి. ‘వెనుక యింజను, వాయుశీతలము, ఆరు సిలిండర్లు’ అను పోర్షే లక్షణము ఈ రెండు దోషములకును నిలయము. పోర్షేకు పరుగుపందెములలో పేరు తెచ్చిన 550 కారులో యింజను వెనుక ఇరుసునకు ముందు, అనగా కారు నడుమ, నుండెను, సిలిండర్లు నాలుగే, 1956లో సిసిలీ ద్వీపపు కొండదారులలో జరిగిన టార్గా ఫ్లోరియో పందెమును గెలిచినది ఆ వంశమునకు చెందిన 550 ఏ. 1970, 1971 సంవత్సరములలో లె మాన్ 24 గంటల పందెమున సంస్థకు తొలి విజయములు సాధించిన 917కు పండ్రెండు సిలిండర్లు, అవియు నడుమనే. 2015, 2016, 2017లలో వరుసగ అదే పందెమును జయించిన 919 హైబ్రిడ్‌లోని యింజనుకు నాలుగు సిలిండర్లు, నీటిశీతలము. 1984 మొదలు మూడేండ్లు లౌడా, ప్రోస్ట్‌లను ఫార్ములా వన్ జగజ్జేతలుగ నిలిపిన మెక్‌లారెన్ కార్లలో పోర్షే రచించి యిచ్చిన యింజను నీటితో చల్లబడినదే. తుదకు 911 సైతము 1997లో గాలిని విడిచి నీటిని ఆశ్రయించినది. ఇన్నిటిని వెలివేయు లక్షణము దేనికి లక్షణము?

అతివ్యాప్తి మాట మఱింత విస్పష్టము. అమెరికాలో జనరల్ మోటార్స్ వారి షెవ్రొలే విభాగము 1960 నమూనా సంవత్సరమునుండి 1969 వఱకు కోర్వేర్ అను కుటుంబకారును నిర్మించెను. దాని యింజను వెనుకనుండెను, గాలితో చల్లబడెను, ఎదురెదురుగ పండుకొన్న ఆరు సిలిండర్లు గలదై యుండెను. 911 ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో 1963లో కన్నుతెఱచుటకు పూర్వమే ఈ లక్షణములన్నియు గల కారు అమెరికా వీథులలో తిరుగుచుండెను. ప్రతిపక్షుల నిర్వచనము ప్రకారము కోర్వేర్ పోర్షే కావలెను. 550, 917, 919లు పోర్షేలు కాకపోవలెను. ఇట్టి నిర్వచనమును ఏ విద్యార్థి పరీక్షలో వ్రాసినను గురువు కొట్టివేయును. మఱి పోర్షేకు నిర్దుష్టమైన లక్షణ మేది యందురా? పని కెక్కువయు తక్కువయు కాని బరువు. చేతికి, కాలికి, వెన్నునకు సత్యమే చెప్పు నడక. పందెపు బాటలో పరుగెత్తి, అదే దినమున సామానుతో నింటికి చేర్చగల దార్ఢ్యము. యింజను స్థానము ఈ గుణములను సాధించుటకు ఉపాయము మాత్రమే. ఉపాయమును ఉపేయముగ భ్రమించుట యీ వాదమునందలి మూలదోషము.

ఇక ముందుంచిన యింజనువలన కలిగిన ఫలమెట్టిదో చూతము. 924 మొదలు 968 వఱకు అన్నిటను యింజను ముందుండగా, గేరుబాక్సు దానితో కూడియుండక వెనుక చక్రముల నడుమ అమర్చబడినది; రెంటిని బిగించి కలుపుచు ఉక్కుగొట్టమొకటి కారు నడుమ పొడవున సాగును; ఆ గొట్టములోపల సన్నని కడ్డీ యింజను వేగముతోనే తిరుగుచు శక్తిని వెనుకకు చేరవేయును. కావడి మోయువాడు రెండు బుట్టలలో సరిసమానమైన బరువు పెట్టుకొని గట్లమీద తొట్రుపడక నడచునట్లు, ఈ కారు తన భారమును ముందు వెనుకల దాదాపు సగము సగముగ పంచుకొని బాటపై నిలుచును. దీని ప్రయోజనము మలుపులో తెలియును. స్టీరింగు త్రిప్పిన తోడనే ముక్కు విధేయముగ లోనికి తిరుగును. చక్రముల పట్టు ఎంత మిగిలియున్నదో అఱచేతులకు స్పష్టముగ తెలియుచుండును. మలుపు అనుకొన్నదానికంటె బిగువుగ నున్నదని గ్రహించి నడుపువాడు భయమున యాక్సిలరేటరుపైనుండి కాలు తీసినను కారు తన దారిని కొంచెము బిగించుకొనునే గాని తోకను విసరి యెదురు తిరుగదు. క్రొత్తగ నేర్చుకొనువానికి ఇంతకంటె మంచి గురువు దొరకదు. నేర్చినవానికి ఇంతకంటె నిజాయితీ గల తోడు దొరకదు.

తొలినాటి 911లో మలుపు నడుమ కాలు తీయు అదే తప్పు చేసినచో నేమగునో నాటి యింజనీర్లకే బాగుగ తెలియును. వెనుకకు మొగ్గిన బరువును సరిదిద్దుటకై వారు తొలి కార్లకు ముందు బంపరు మూలలలో, ఒక్కొక్కటి 11 కిలోల చొప్పున, దిమ్మలను దాచి బిగించిరి. 1969 నమూనానాటికి ముందు వెనుక చక్రముల నడుమ దూరమును 57 మిల్లీమీటర్లు పెంచిరి. దీనిని నేను 911కు నిందగ చెప్పుటలేదు. ప్రకృతివిరుద్ధముగ తోచు ఒక అమరికను పట్టుదలతో దశాబ్దముల తరబడి సంస్కరించి లోకోత్తరమైన కారుగ మలచుట ఇంజనీరింగు చరిత్రలో ఘనకార్యమే. దానికి నేనును చేయెత్తి మ్రొక్కుదును. కాని కష్టసాధ్యమైన మార్గమున గమ్యము చేరినవానిని మెచ్చుకొనుచు, తిన్నని మార్గమున చేరినవానిని కులభ్రష్టుడనుట యెంత న్యాయము?

నాలుగు సిలిండర్లను గూర్చిన తక్కువచూపునకును సమాధానము కలదు. వరుసగ నిలిచిన నాలుగు సిలిండర్ల యింజను పెద్దదగుకొలది వణకును, అది యంత్రధర్మము. 944 యింజను రెండున్నర లీటర్లది గనుక ఆ వణకును అణచుటకై దాని కిరుప్రక్కల రెండు తుల్యకదండములను, ప్రధానదండమునకు రెట్టింపు వేగముతో, పరస్పరము వ్యతిరేకదిశలలో తిరుగునట్లు అమర్చిరి. ఈ విధానపు హక్కులు జపాను దేశపు మిత్సుబిషి వారివి. పోర్షే వారికి రుసుము చెల్లించి వాడుకొన్నది. పరులవద్దనున్న సద్విద్యను వెలయిచ్చి గ్రహించుటకు సిగ్గుపడని సంస్థ ఘనమైనదా, వంశాభిమానముచే వణకుచున్న యింజనునే అమ్ముకొను సంస్థ ఘనమైనదా, చదువరులే నిర్ణయింపవలెను. ఫలితమో, 163 అశ్వశక్తితో ఆరంభమైన ఆ యింజను 1985 నాటి టర్బోలో 220, 1988 నాటి టర్బో ఎస్‌లో 250 అశ్వశక్తి నిచ్చినది. అదే యేట యూరపులో అమ్ముడైన 911 కరెరాకు 231 మాత్రమే. తరువాతి 968లో మూడు లీటర్లకు పెరిగిన నాలుగు సిలిండర్లు టర్బో సాయము లేకయే 240 అశ్వశక్తి నిచ్చినవి. పరుగుపందెపు సాక్ష్యము కావలెనన్నచో, 1980లో లె మాన్‌కు సంస్థ స్వయముగ పంపిన మూడు 924 కరెరా కార్లును 24 గంటలు పూర్తిచేసి 6, 12, 13 స్థానములలో నిలిచినవి. మఱుసటి యేడు 944కు పూర్వరూపమైన కారును వాల్టర్ రోల్, యూర్గెన్ బార్ట్‌లు నడపి 7వ స్థానమున నిలిపిరి. గెలుపు కాదుగదా యందురేమో. తమకంటె నెంతో శక్తిమంతములైన కార్లు దారిమధ్యమున విరమింప, ఈ చిన్న కార్లు తెల్లవార్లు పరుగెత్తి గమ్యము చేరుట పోర్షేతనమునకు నిదర్శనము కాకున్న మఱేది నిదర్శనము?

మూడవ యాక్షేపమున మొదటి సగము, సంస్థయే వీనిని విడిచినదనుట. చరిత్ర యిందుకు సరిపడదు. 1970వ దశకపు చివర సంస్థాధిపతియైన ఎర్న్‌స్ట్ ఫూర్మన్, ముందు యింజను గల 928యే 911కు వారసురాలగునని నమ్మెను. అనగా సంస్థ విడువదలచినది 911ను. 1981లో అధ్యక్షుడైన పీటర్ షుట్స్ ఆ నిర్ణయమును మార్చి 911కు ఆయువు పోసెను. ఆ కాలమున సంస్థను పోషించిన వేవి? 1981లోనే లక్షవ 924 వెలువడినది. 944లు లక్షన్నరకు పైగ అమ్ముడైనవి. ఏ కార్లమ్మిన సొమ్ముతో జీతములు చెల్లినవో, పరిశోధనలు సాగినవో, వానిని ఆ యింటి బిడ్డలు కావనుట కృతఘ్నత. 968 నిర్మాణము నిలిచిన మఱుసటి యేడే, 1996లో, నీటిశీతలమగు బాక్స్‌స్టర్ వచ్చి ఆ స్థానమును నింపినది. 2002లో ఫోక్స్‌వ్యాగన్‌తో కలిసి రూపొందించిన కయెన్ ముందు యింజనుతోనే వచ్చినది. సంస్థ ఆ దారిని విడువలేదు సరిగదా, రాజమార్గముగ చేసికొన్నది. 2016లో స్టుట్‌గార్ట్‌లోని పోర్షే మ్యూజియము ఈ కార్లకై ప్రత్యేక ప్రదర్శనము నేర్పఱచినది. తల్లి యెత్తుకొన్న బిడ్డను ఇరుగుపొరుగు వారు కాదనుట వింత.

రెండవ సగము వెలను గూర్చినది. వెల కోరికను కొలుచునే గాని గుణమును కొలువదు. అరుదుగ దొరకుటవలననే 911 వెల పెరిగినదని కొందఱందురు. 2017 నాటికి పదిలక్షల 911లు వెలువడినవని వారెఱుగవలెను. ప్రసిద్ధి ప్రసిద్ధిని పెంచును. ధనికులు పెట్టుబడిగ కొందురు. కొన్నవారు తమ కొనుగోలును సమర్థించుకొనుటకై ‘ఇదియొక్కటే అసలైనది’ యను మాటను ప్రచారము చేయుదురు. ఇందులో నడుపువాని యానందమునకు చోటు లేదు. పెట్టుబడిగ కొన్న కారు తెఱ కప్పుకొని కొట్టములో పడియుండును. మీటరుపై నంకె పెరిగినచో వెల తగ్గునను దిగులుతో యజమాని దానిని కదలింపడు. నిలిచిన కారులో రబ్బరు ముద్రలెండి చిట్లును, పెట్రోలు మురిగిపోవును, బ్రేకులు పట్టుకొనిపోవును. 944 యజమానికి ఆ దిగులు లేదు. వెల తక్కువగుట నిజమైన అభిమానికి అదృష్టమే. వాన పడినను, ఎండ కాచినను కారును బయటికి తీసి, అది దేనికై చేయబడినదో ఆ పని చేయించుటకు అతడు స్వతంత్రుడు.

ఇప్పుడు నాలుగవదియు గట్టిదియునగు మరమ్మతుల యాక్షేపమునకు వత్తును. పాత 944ను అజాగ్రత్తగ కొన్నవాడు నష్టపోవునను మాట యక్షరాల నిజము. దాని యింజనులో వాల్వులను సకాలమున తెఱచి మూయునట్టి టైమింగు బెల్టు తెగెనా, వాల్వులు పిస్టన్లను తాకి వంగిపోవును. తుల్యకదండములను త్రిప్పు రెండవ బెల్టు తెగినను అది మొదటిదానిని చెఱుపవచ్చును. కావున నాలుగైదేండ్లకొకమాఱు రెంటిని మార్చి, తగిన బిగువుతో కట్టింపక తప్పదు. క్లచ్చు మార్చవలెనన్న వెనుకనున్న గేరుబాక్సును, నడుమనున్న గొట్టమును దింపవలసి యుండుటచే కూలి భారమగును. ఇవి దాచదగిన విషయములు కావు. కాని యీ కష్టములు 944కు మాత్రమే కలవా? 1974–77 నాటి 911లలో మెగ్నీషియము దిమ్మలలోని బోల్టులు ఊడివచ్చి యింజనులు చెడిన కథ లోకప్రసిద్ధము. 1984 నాటి సంస్కారమునకు ముందు దాని గొలుసు బిగించు సాధనములు విఫలమై యింజనులు ధ్వంసమైన కథయు అట్టిదే. అచట వానిని ‘ఘనమైన కారునకు తగిన వ్యయ’మందురు, ఇచట అవియే ‘నాసి కారు లక్షణ’ములగును. ఒకే దోషమునకు రెండు పేర్లు పెట్టు న్యాయాధిపతి తీర్పు చెల్లదు.

మఱియొక సంగతి కలదు. 944లు చెడిపోయినవన్న మాటకు కారణము వెదకినచో తర్కశాస్త్రములో చక్రకమనబడు దోషమే కనబడును. అసలైనది కాదనుటవలన వెల పడిపోయినది. వెల పడిపోవుటవలన సొమ్ము వెచ్చింప నిష్టపడనివారి చేతులలో పడినది. వారు బెల్టులు మార్పింపక, నీరు మార్పింపక నడుపుటవలన చెడినది. చెడినది గనుక అసలైనది కాదని మరల చెప్పిరి. నిందయే కారణమై, నిందయే ప్రమాణమై నిలిచిన వాదమిది.

కావున వివేకి చేయవలసినది కారును విడుచుట కాదు, పరీక్షించి కొనుట. కారును చూడబోవునపుడు ముందుగ యింజను చల్లగ నున్నదో లేదో చేతితో తాకి చూడవలెను. వేడెక్కించి సిద్ధపఱచిన యింజను తన లోపములను దాచును. నీటి తొట్టి మూత తీసి లోన గోధుమవన్నె జిడ్డు తేలుచున్నదేమో గమనింపవలెను. తేలుచున్నచో నూనెను చల్లార్చు భాగముననున్న రబ్బరు ముద్రలు చెడి నూనె నీటిలో కలియుచున్నదని యనుమానింపవలెను. యింజను వెనుక బ్యాటరీ కూర్చున్న పళ్లెమును తడిమి చూడవలెను. అచట తుప్పు తినినచో వాననీరు లోనికి దిగి తీగెలను చెఱచును. తలుపుల క్రింది రేకును వెనుక చక్రము సమీపమున వ్రేలితో కొట్టి, మ్రోగునో మొద్దుగ పలుకునో వినవలెను. వెనుక పెద్ద అద్దపు తలుపు చట్రమునుండి ఊడుచున్నదేమో చూడవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, బెల్టులెప్పుడు మారినవో తేదీతో, మైళ్లతో చెప్పు బిల్లుల కట్టను అడుగవలెను. బిల్లులు లేని మెఱయు కారుకంటె బిల్లులు గల మాసిన కారు వేయి మడుగులు మేలు. ఇట్లు చూచి, మంచి కారుకు మఱికొంత యెక్కువ యిచ్చి కొన్నవానికి వ్యయము అదుపులో నుండును. జర్మనీలో 30 ఏండ్లు నిండి, అసలు రూపమున చక్కగ కాపాడబడిన కారునకు సంఖ్యాఫలకముపై హెచ్ అక్షరమిచ్చి, సాలీనా 191.73 యూరోల స్థిరమైన పన్నుతో సరిపెట్టుదురు. 944 నిర్మాణము 1991లో ముగిసినది గనుక చక్కగ నిలిచిన ప్రతి 944యు ఆ గౌరవమున కర్హమే. జర్మను ప్రభుత్వము 911కు వేఱొక అక్షరము నీయలేదు.

ఈ తప్పుడు సిద్ధాంతమువలన జరిగిన హాని సామాన్యమైనది కాదు. విలువ లేదను నెపముచే ఎన్నో మంచి కార్లు చిన్న మరమ్మతునకే ఇనుపతుక్కు దుకాణములకు చేరినవి; కొన్నిటి భాగములను విప్పి అమ్ముకొనిరి. నడుపుట నేర్వవలసిన వయస్సులో నెందఱో యువకులు 911 వెల తగ్గునని యేండ్ల తరబడి యెదురు చూచుచు, అది తగ్గక పెరుగుట చూచి నిరాశులై, ఏ కారును కొనక కోరికను చంపుకొనిరి. ఒక విద్యను తెలుపుటకై చేయబడిన యంత్రమును వంశపత్రికగ మార్చుటవలన వచ్చిన ఫలమిది. మనుష్యుల విషయమున పుట్టుకను బట్టి యోగ్యతను నిర్ణయించుట తగదని మన సంస్కర్తలు నూఱేండ్లుగ మొఱపెట్టుచుండగా, యంత్రముల విషయమున ఆ దురాచారమునకే పట్టాభిషేకము చేయుట విద్యావంతులకు శోభింపదు.

కావున నా తీర్పు ఇది. 924, 944, 968లు మూడును అసలైన పోర్షేలే. పరిమిత ధనముగల అభిమాని నడుపుటకై కొనదగిన వానిలో సంరక్షితమైన 944 అగ్రగణ్యము. 911ను కొనగలిగి, ప్రేమించి, నడుపువానికి నా నమస్కారములు. కాని నీవు కొన్నది పోర్షే కాదని నిన్నెవడైన తక్కువ చేయవచ్చినచో, వానితో వాదమునకు దిగక, ప్రక్కసీటులో కూర్చుండబెట్టుకొని ఒక కొండదారి త్రిప్పి తీసికొని రమ్ము. యువకులారా, ఇంటిపేరును చూడక బిల్లుల కట్టను చూచి కొనుడు. కొన్నదానిని దాచక నడుపుడు. బెల్టులను మాత్రము వేళకు మార్పింపుడు.